అసలు ముట్టుకోవచ్చా?

తమ్ముడు పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసి 58 ఏళ్లకి రిటైరయ్యాడు. అప్ప, అంటే అక్క, తపాలా శాఖలో కౌంటర్ ఉద్యోగం చేసి కొన్నేళ్ల కిందటే రిటైరయింది. ఇద్దరూ కళింగపట్నం వాళ్లే. తమ్ముడి సొత్తు మొత్తం 40 లక్షలు: పీఎఫ్ 22, గ్రాట్యుటీ 5, మూడు బ్యాంకుల్లో డిపాజిట్లు 9, ఊళ్లో నోట్ల మీద ఇచ్చినవి 4. అంతా ఒక్కచోటికి చేర్చి, వడ్డీతోపాటు అసలు కూడా కొంచెం కొంచెం తీసుకుంటూ బతకాలని అతని ఆలోచన. ఎక్కడివక్కడ ఉంచి వడ్డీ మాత్రమే తినాలని ఆమె పట్టు. పేర్లు వద్దన్నారు, రాయలేదు. లెక్కలు మాత్రం నేను కూర్చుని సరిచూశాను.

తమ్ముడు: అప్పా, నాకు కావల్సింది ఒక్కటే. ఒక్క ఖాతా, ఒక్క పాస్‌బుక్, ఒకటో తారీఖున చేతికి డబ్బు. ఇప్పుడేటి, రెండు పీఎఫ్ నంబర్లు, మూడు బ్యాంకులు, బీరువాలో మూడు ప్రామిసరీ నోట్లు. ఒక పాస్‌బుక్ మీద ఆంధ్రా బ్యాంకు అని ఉంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇంకోదాని మీద గ్రామీణ వికాస్ బ్యాంకు అని ఉంది. అదీ 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయిపోయింది. రేపు నేను పోతే నీ మరదలు ఈ కాగితాలు పట్టుకుని ఏ గుమ్మం ఎక్కాలి? పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. అలాంటివి వెతుక్కోవడానికి 2023లో ఉద్గం అని ఒక పోర్టలే పెట్టాల్సి వచ్చిందంటే, ఇంట్లో చెప్పకుండా పోయినవాళ్లు ఎంతమందో ఆలోచించు.

అప్ప: పోస్టాఫీసులో అయితే ఏడేళ్లే. ఆ తర్వాత వృద్ధుల సంక్షేమ నిధికి పోతుంది. అడిగితే తిరిగిస్తారులే, కానీ ఖాతా ఉందని తెలిస్తేనే కదా అడిగేది. నీ భయం తప్పని నేననను. కానీ దానికి మందు ఒక కాగితం. ఏది ఎక్కడుందో ఒక తెల్ల కాగితం మీద రాసి మరదలి చేతికియ్యి. నామినీ పేర్లు సరిచూసుకో. 2025 నవంబరు నుంచి బ్యాంకు డిపాజిట్‌కి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. కాగితంతో అయ్యే పనికి ఖాతాలన్నీ మూసెయ్యడం ఎందుకు?

తమ్ముడు: పీఎఫ్ కూడా ఎక్కడిదక్కడ ఉంచమంటావా?

అప్ప: ఆ ఒక్కటీ మాత్రం కలపాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. హైదరాబాద్‌లో 1998 నుంచి 2007 దాకా చేసిన తొమ్మిదేళ్లు ఆ పాత నంబరులో పడి ఉన్నాయి. ఇక్కడి సర్వీసు పద్దెనిమిది. రెండూ కలిస్తే ఇరవై ఏడు. ఇరవై ఏళ్లు నిండినవాళ్లకి ఇంకో రెండేళ్లు బోనస్‌గా కలుపుతారు. కలపకపోతే ఆ తొమ్మిదీ పోతాయి, ఈ రెండూ పోతాయి.

(ఉద్యోగుల పెన్షన్ పథకం లెక్క ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఊరూరా తిరిగి పనిచేసిన మన జిల్లాల వాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. చివరి అరవై నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగిస్తారు. జీతం ఎంతైనా లెక్కలోకి తీసుకునేదానికి పరిమితి ఉంది: 2014 ఆగస్టు వరకు చేసిన సర్వీసుకి 6,500, ఆ తర్వాతిదానికి 15,000. పద్దెనిమిదేళ్లకే అయితే ఇతనికి నెలకి సుమారు మూడు వేలు. పాత సర్వీసు కలిసి, బోనస్ కూడా పడితే నాలుగు వేల రెండు వందల దాకా. తేడా చూడ్డానికి చిన్నదే. కానీ అది బతికినన్నాళ్లూ వస్తుంది, తర్వాత భార్యకి అందులో సగం వస్తుంది.)

తమ్ముడు: కలపడానికి ఫారం 13 పెట్టాను. వెనక్కొచ్చింది. హైదరాబాద్ కంపెనీ వాళ్లు ఇంటిపేరు చివర్లో రాశారు, ఆధార్‌లో ముందుంది. నాన్న పేరు ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాశారు. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. సరిచేసి సంతకం పెట్టేవాడెవడు?

అప్ప: మన వైపు అప్పలనాయుడు, రామునాయుడు అన్న పేర్లన్నిటికీ ఈ తిప్పలే. కౌంటర్లో కూర్చుని ఎన్ని చూశానో. పేరు దిద్దించుకునే ఉమ్మడి డిక్లరేషన్ ఉంది, కంపెనీ మూతపడినవాళ్లకి వేరే దారి ఉంది. విశాఖపట్నం రీజనల్ ఆఫీసుకి కాగితాలన్నీ పట్టుకెళ్లు. ఒకటి గుర్తుపెట్టుకో. ముందు కలుపుకో, తర్వాతే పీఎఫ్ డబ్బుకి ఫారం 19, పెన్షన్‌కి ఫారం 10డి. తొందరపడి ముందే తీసేసుకుంటే తర్వాత కలపడం గగనమవుతుంది.

తమ్ముడు: పెన్షన్ రెండేళ్లు ఆగి 60కి తీసుకుంటే ఏడాదికి 4 శాతం పెరుగుతుందట.

అప్ప: ఆగకు. నెలకి నాలుగు వేల రెండు వందల చొప్పున రెండేళ్లలో లక్ష దాకా వదులుకుంటావు. దానికి బదులు పెరిగేది నెలకి మూడు వందల నలభై చిల్లర. ఆ లక్ష తిరిగి రావడానికి పాతికేళ్లు పడుతుంది. 85కి లాభం మొదలవుతుందన్నమాట.

తమ్ముడు: సరే, పీఎఫ్ దగ్గర మనిద్దరిదీ ఒకే మాట. మరి బ్యాంకుల దగ్గర ఎందుకు వేరు?

అప్ప: పీఎఫ్‌లో నువ్వు కలుపుతున్నది సర్వీసు. బ్యాంకులో కలిపేది డబ్బు. రెండూ ఒకటి కాదు. బ్యాంకు మునిగితే ఒక్కో బ్యాంకులో 5 లక్షల దాకానే బీమా. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. ఇప్పుడు నీవి మూడు బ్యాంకుల్లో మూడేసి లక్షలు, మూడూ బీమాలో ఉన్నాయి.

తమ్ముడు: గవర్నమెంటు బ్యాంకు మునుగుతుందా?

అప్ప: మునగదు. ఆ మాట నేనూ నమ్ముతాను. నా భయం బ్యాంకు గురించి కాదు, నీ ఫోన్ గురించి. పోలీసులమని వీడియో కాల్ చేసి, గది దాటొద్దని బెదిరించి, ఉన్నదంతా ఊడ్చుకుపోతున్నారు. చదువుకున్న పెద్ద పెద్ద ఆఫీసర్లే పోగొట్టుకున్నారు. నలభై లక్షలూ ఒకే ఫోన్‌కి కట్టిన ఒకే ఖాతాలో ఉంటే ఒక్క మధ్యాహ్నం చాలు. మూడు చోట్ల ఉంటే, అందులో ఒకటి ఫోన్‌కి దొరకని పోస్టాఫీసులో ఉంటే, నువ్వు గాభరాలో ఉన్నా అంతా పోదు.

తమ్ముడు: అది ఒప్పుకుంటాను. ఫోన్‌కి దొరికేది తక్కువ ఉండాలి. కానీ విడివిడిగా ఉండటమే రక్ష అనకు. అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల కంపెనీలో పెట్టినవాళ్లు అంతా అక్కడే పెట్టలేదు. పోస్టాఫీసులో కొంత, బ్యాంకులో కొంత, అందులో కొంత పెట్టారు. ఏజెంట్లు మన ఊళ్ల వాళ్లే, మన చుట్టాలే. 2014 చివరికి అది కూలిపోయాక, పదివేల లోపు వేసినవాళ్లకి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు తిరిగిచ్చేటప్పటికి 2019 వచ్చింది, ఇరవై వేల దాకా వేసినవాళ్లకి 2021. ముక్కలు చేసినకొద్దీ ఏదో ఒక ముక్క అలాంటివాడి చేతిలో పడుతుంది. ఒక్కచోట ఉన్నవాడు ఒక్కసారే బాగా ఆలోచిస్తాడు.

అప్ప: ఊ. అది కాదనలేను. అయితే నా అసలు కారణం వేరే ఉంది, ఇప్పటిదాకా చెప్పలేదు. నీకు లేదని చెప్పడం రాదు.

తమ్ముడు: ఎవరికి?

అప్ప: ఎవరికైనా. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు ఖాతా మధ్యలో మూసెయ్యడానికి వచ్చేవాళ్లని ఏళ్ల తరబడి చూశాను. ముసలాయన ముందు నిలబడేవాడు, ఫారం కొడుకు చేతిలో ఉండేది. "తాతా, ఏడాదిన్నరే అయింది. పదిహేను లక్షల మీద నూటికి రూపాయిన్నర కోస్తారు, ఇరవై రెండు వేల ఐదు వందలు పోతాయి" అని నేను చెబుతుంటే ఆయన నా మొహం చూసేవాడు కాదు, కొడుకు మొహం చూసేవాడు. "పర్లేదమ్మా, కొయ్యండి" అనేవాడు. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికితే, తేడా వచ్చిందని మళ్లీ పెట్టించేదాన్ని. నాకు తెలిసిన చిన్న ఉపకారం అదొక్కటే, ఇంకో రెండు నిమిషాలు ఆలోచించుకోనివ్వడం. ఆ రెండు నిమిషాల్లో ఒకాయన ఫారం వెనక్కి తీసుకున్నాడు. ఒక్కాయనే. అందుకే చెబుతున్నాను. నీ డబ్బు తియ్యడానికి కొంచెం కష్టంగా ఉండాలి. కోత పడాలి, బస్సెక్కి శ్రీకాకుళం వెళ్లాలి, మూడు చోట్ల మూడు సంతకాలు పెట్టాలి. ఒక్క ఖాతాలో నలభై లక్షలు కనిపిస్తే ఇంట్లో ఎవరికి ఏ అవసరం వచ్చినా చూపు అక్కడికే పోతుంది.

తమ్ముడు: అప్పా, కొడుకు అడగడం తప్పంటావా? వాడు ఊళ్లో నూటికి మూడు రూపాయలకి అప్పు తెచ్చుకుంటుంటే, నా డబ్బు ఏడాదికి ఎనిమిది శాతానికి పోస్టాఫీసులో భద్రంగా ఉంటే, ఇంటి మొత్తం మీద నష్టం కాదా? మూడు రూపాయలంటే ఏడాదికి ముప్పై ఆరు. నేను వాడికి ఇవ్వనంటే ఆ ముప్పై ఆరు ఎవడికో పోతుంది.

అప్ప: ఇవ్వొద్దనలేదు. ఇచ్చేది ఎంతో ముందే తేల్చుకొని ఇవ్వు. తిరిగి రాదని మనసులో రాసుకుని ఇవ్వు. మిగతాది కళ్ల ఎదుట లేకుండా చూసుకో.

తమ్ముడు: ఇచ్చే డబ్బు ముందే తేల్చుకోవాలన్న మాట బాగుంది. అది తీసుకుంటాను. ఇక వడ్డీ మాత్రమే తినాలన్నావు కదా, దాని గురించి అడుగుతాను. 2015లో 15 లక్షలు సీనియర్ సిటిజన్‌లో వేసినవాళ్లకి ఎంత వచ్చేది?

అప్ప: 9.3 శాతం. మూడు నెలలకి 34,875.

తమ్ముడు: ఐదేళ్లయ్యాక?

అప్ప: 2020లో 7.4కి దిగింది. మూడు నెలలకి 27,750.

తమ్ముడు: ఆ ఐదేళ్లలో బియ్యం ధర దిగిందా, మాత్రల ధర దిగిందా? నువ్వే కౌంటర్లో ఉన్నావు, వాళ్లేమనేవారు?

అప్ప: "ఏటమ్మా తగ్గింది?" అని నన్నే అడిగేవారు. నేను తగ్గించినట్టు.

తమ్ముడు: ఇప్పుడు 8.2 ఉంది, 2023 నుంచి అలాగే నడుస్తోంది. మళ్లీ దిగదని ఎవరు చెప్పగలరు? చిన్నాన్న సంగతి చూడు. విజయనగరం వైపు జూట్ మిల్లులో చేసి రిటైరయ్యాడు. మొదటి నెల ఎంత పెన్షన్ వచ్చిందో ఇప్పటికీ అంతే, ఒక్క రూపాయి పెరగలేదు. పీఎఫ్ పెన్షన్ పథకంలో కరువు భత్యం లేదు. కనీస పెన్షన్ వెయ్యి అని 2014 సెప్టెంబరులో పెట్టారు, పదేళ్లు దాటినా అదే వెయ్యి. రాష్ట్రం ఇంటికొచ్చి ఇచ్చే వృద్ధాప్య పింఛను 2024లో నాలుగు వేలయింది. జీతంలోంచి కోయించుకుని దాచుకున్నవాడికి వెయ్యి! సరే, ఆ బాధ వేరు. నేను చెప్పేది, పెరగని డబ్బు కరుగుతున్న డబ్బే. ధరలు ఏడాదికి ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లకి రెట్టింపు, ఇరవై నాలుగేళ్లకి నాలుగింతలు. నా నలభై లక్షలు ముట్టుకోకుండా పూజగదిలో పెట్టినట్టు పెట్టినా, నాకు 82 వచ్చేసరికి అది ఇవాళ్టి పది లక్షల సరుకే కొంటుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని నువ్వంటావు. కూర్చోకపోయినా ఆ కొండ కరుగుతోంది అప్పా. ఎలాగూ కరిగేదాన్ని, కాళ్లల్లో సత్తువ ఉన్నప్పుడు నేనే తినకూడదా?

అప్ప: తిను. ఎంత తింటావో లెక్క చెప్పు.

తమ్ముడు: అన్నీ కలిపి సగటున ఏడున్నర శాతం వస్తుందనుకో. వడ్డీ మాత్రమే తింటే నెలకి పాతిక వేలు. 85 దాకా సరిపోయేలా అసలు కూడా కలిపి తీసుకుంటే 28,800.

అప్ప: అంటే నెలకి మూడు వేల ఎనిమిది వందల కోసం నలభై లక్షలూ సున్నా చేస్తావా?

తమ్ముడు: ... ప్రతి నెలా ఒకేలా తీసుకుంటే అంతే. అందుకే ఒకేలా తీసుకోను. 70 దాకా నెలకి 35,000. ఆ పన్నెండేళ్లే నాకు నిజంగా ఖర్చుండే ఏళ్లు. ఇంటికి పైకప్పు వేయించాలి. నీ మరదలు కాశీ చూడాలని పెళ్లయిన నాటి నుంచి అంటోంది. మోకాళ్లు ఇప్పుడు బాగుచేయించుకుంటే ఇరవై ఏళ్లు నడుస్తాను, 75కి చేయించుకుంటే మంచం మీదే కదా. 70 దాటాక ఏముంటుంది, రెండు ముద్దలు, నాలుగు మాత్రలు.

అప్ప: 70కి ఎంత మిగులుతుంది?

తమ్ముడు: పదహారు లక్షల డెబ్బై అయిదు వేలు.

అప్ప: ఇందాక నువ్వే చెప్పావు, పన్నెండేళ్లకి ధరలు రెట్టింపని. అంటే ఇవాళ్టి ఎనిమిది లక్షల చిల్లర. దాంతో మీ ఇద్దరూ ఎన్నాళ్లు? ఆ నాలుగు మాత్రలన్నావే, అవే ఖరీదు. మన జిల్లాలో కిడ్నీ జబ్బుల సంగతి నీకు వేరే చెప్పాలా? ఉద్దానంలో ఇళ్లకి ఇళ్లే అమ్ముకున్నారు. ఇప్పుడు పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చింది, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి పింఛనూ ఉంది. అయినా వెంట వెళ్లేవాడి కూలి పోతుంది, బండి ఖర్చు, రక్త పరీక్షలు. అన్నీ ప్రభుత్వ ఆరోగ్య పథకంలో రావు. ముసలితనంలో ఖర్చు తగ్గుతుందని ఎవరు చెప్పారు నీకు? తిండి ఖర్చు తగ్గుతుంది, జబ్బు ఖర్చు పెరుగుతుంది.

తమ్ముడు: అందరికీ ఆ జబ్బులు రావు.

అప్ప: రావు. ఎవరికొస్తాయో ముందు తెలియదు. ఇంకొకటి. 85 అన్నావు, ఎవరికి 85? మరదలు నీకన్నా ఆరేళ్లు చిన్న. నీకు 85 అయ్యేసరికి ఆవిడకి 79. మన వీధిలో ఒంటరి ముసలివాళ్లని లెక్కపెట్టు. ఆడవాళ్లే ఎక్కువ. నీ లెక్కలో ఆవిడకి ఒక గడే లేదు.

తమ్ముడు: నా తర్వాత పెన్షన్‌లో సగం వస్తుంది కదా ఆవిడకి.

అప్ప: రెండు వేల వంద. ఇరవై ఏడేళ్ల తర్వాత కూడా అదే రెండు వేల వంద. పెరగదని నువ్వే అన్నావు.

తమ్ముడు: అక్కడ నా దగ్గర జవాబు లేదు.

అప్ప: జవాబు ఉంది, నీకు నచ్చదు. పది లక్షలతో ఎల్ఐసీలో ఇద్దరి పేర్లా జీవితాంతం పెన్షన్ కొనుక్కో. ఇద్దరిలో ఎవరున్నా వస్తూనే ఉంటుంది. ఇద్దరూ పోయాక ఆ పది లక్షలూ పిల్లలకి.

తమ్ముడు: పోస్టాఫీసు వడ్డీ కన్నా తక్కువ పడుతుంది. అదీ పెరగదు. ధరల నుంచి తప్పించుకోవడానికి నేను దారి వెతుకుతుంటే నువ్వు ధరలకి ఇంకో పది లక్షలు అప్పగించమంటున్నావు.

అప్ప: ధరల నుంచి కాదు, ఆయుష్షు నుంచి కాపాడుకోమంటున్నాను. ఎక్కువ కాలం బతకడం కూడా ఒక ప్రమాదమే తమ్ముడూ. దానికి మిగతా ఏ ఖాతాలోనూ మందు లేదు. ఎక్కడ పెట్టినా ఎన్నాళ్లకి అయిపోతుందో లెక్క చెప్పొచ్చు. ఇది ఒక్కటే మనిషి ఉన్నంతకాలం ఉంటుంది.

తమ్ముడు: పది ఎక్కువ. ఐదు ఆలోచిస్తాను. అదీ ఇప్పుడు కాదు. వయసు పెరిగితే ఇచ్చేది కొంచెం పెరుగుతుంది.

అప్ప: ఆలోచిస్తానన్నావు, అది చాలు. ఇంకో దారి చెప్పనా? పీఎఫ్ డబ్బు ఇప్పుడే తియ్యకు. రిటైరయ్యాక కూడా మూడేళ్ల దాకా వడ్డీ పడుతుంది. పోయిన రెండేళ్లూ 8.25 ఇచ్చారు. ఇరవై రెండు లక్షల మీద ఏడాదికి లక్షా ఎనభై వేలు. ఉద్యోగం మానేశాక పడే వడ్డీకి పన్ను మినహాయింపు ఉండదు, కానీ పన్నెండు లక్షల లోపు ఆదాయానికి కొత్త పద్ధతిలో పన్నే లేదు, మనకి ఆ గొడవ లేదు. 60 నిండాక తీసి సీనియర్ సిటిజన్‌లో వెయ్యి. 60 దాటినవాడు 30 లక్షల దాకా ఏ డబ్బైనా వేసుకోవచ్చు. ఇప్పుడైతే 60 లోపు కాబట్టి రిటైర్మెంట్ డబ్బే వెయ్యాలి, అదీ అందిన మూడు నెలల్లోగా.

తమ్ముడు: ఈ రెండేళ్లూ ఏటి తినాలి?

అప్ప: బ్యాంకుల్లో తొమ్మిది లక్షలున్నాయి కదా.

తమ్ముడు: అప్పా! అసలు ముట్టుకోవద్దన్నదానివి, డిపాజిట్లు కరిగించమంటున్నావు!

అప్ప: ... చిన్న అసలు కరిగితే పెద్ద అసలు పెరుగుతుందని అన్నాను.

తమ్ముడు: నేను అంటున్నదీ అదే. ఏ డబ్బు ముందు తినాలో, ఏది చివరికి ఉంచాలో వరస ఉండాలి. ఎప్పటికీ ఏదీ ముట్టుకోకూడదనడం వరస కాదు. పైగా రెండేళ్ల తర్వాత 8.2 ఉంటుందో 7.4 ఉంటుందో. ఇవాళ వేస్తే ఐదేళ్లూ ఇదే రేటు నడుస్తుంది.

అప్ప: అది నిజమే. ఇవాళ వేస్తే రేటు ఖాయం, ఆగితే పీఎఫ్‌లో చక్రవడ్డీ. సీనియర్ సిటిజన్ వడ్డీ మూడు నెలలకోసారి తీసుకోకపోతే దాని మీద మళ్లీ వడ్డీ రాదు. ఏది మేలో నాకూ ఖాయంగా తోచడం లేదు. సగం సగం చేసినా తప్పు లేదు.

తమ్ముడు: మొత్తం వేసి, మధ్యలో అవసరమైతే?

అప్ప: కొంచెం తియ్యడం కుదరదు, మూస్తే ఖాతా మొత్తం మూయాలి. అందుకే ఎంత వేసినా ఒక్క ఖాతాగా వెయ్యకు. మూడేసి లక్షల ఖాతాలు చెయ్యి. రెండేళ్లు దాటాక ఒకటి మూసినా నూటికి రూపాయి చొప్పున మూడు వేలు పోతాయి, మిగతావి కదలవు. నీకు కావల్సినంతే తీసుకుంటావు. ఎవరికీ మొత్తం ఒకేసారి కనిపించదు.

తమ్ముడు: ఒకే పోస్టాఫీసు, తొమ్మిది ఖాతాలు. ఇది నా మాటా, నీ మాటా?

అప్ప: పోస్టాఫీసు మాట. ఇక ఆ నోట్ల సంగతి. నాలుగు లక్షలు ఊళ్లో ఎందుకున్నాయి?

తమ్ముడు: అవి వెనక్కి తెచ్చుకుంటాను. అదే మొదటి పని. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం, వినడానికి బాగుంటుంది. వచ్చినప్పుడు కదా! అందులో రెండు లక్షలు బోటు అతనికి ఇచ్చాను. గులాబ్ తుపాను 2021 సెప్టెంబరు 26 రాత్రి మన దగ్గరే కదా తీరం దాటింది. వలలు పోయి, ఇంజిను నీళ్లలో నాని, తెల్లారి వచ్చి అడిగాడు. లేదని ఎలా అంటాను?

అప్ప: నోటుకి మూడేళ్లు దాటితే చెల్లదు. ఇప్పటికి దాటలేదా?

తమ్ముడు: వడ్డీ ఇచ్చినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించాను. నోటు బతికే ఉంది.

అప్ప: అయితే అది మాత్రం ఇప్పుడు లాక్కోకు.

తమ్ముడు: అదేటి? అన్నిటికన్నా ముందు నువ్వే వద్దంటావనుకున్నాను.

అప్ప: మిగతా రెండు నోట్లూ తెచ్చుకో. వాళ్లు వ్యాపారం చేసుకునేవాళ్లు, కట్టగలరు. బోటు అతను వేట నిషేధం రెండు నెలలూ ఎలా గడుపుతాడో నీకు తెలుసు. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా బోటు ఒడ్డున ఉంటుంది, కడుపులు ఒడ్డున ఉండవు. ఇప్పుడు అడిగితే బోటు అమ్మి కడతాడు, కట్టాక నీ ఇంటి వైపు చూడడు. అర్ధరాత్రి నీకు గుండెలో నొప్పి వస్తే కొడుకు విశాఖపట్నంలో ఉంటాడు. శ్రీకాకుళం రిమ్స్‌కి నిన్ను ఎత్తుకెళ్లేది ఆ బోటు అతనే, అతని మనుషులే. ఊళ్లో ఉండాలనుకున్నవాడు ఊళ్లో కొంచెం డబ్బు వదిలెయ్యాలి. వడ్డీ తగ్గించు, రూపాయికి దించు. అసలు నిదానంగా కట్టమను.

తమ్ముడు: అంటే విడివిడిగా ఉంచడంలో నీ లెక్క వడ్డీ ఒక్కటే కాదన్నమాట.

అప్ప: ఎప్పుడూ కాదు. నీ డబ్బు చుట్టూ మనుషులున్నారు. అడిగేవాళ్లు కొందరు, ఆదుకునేవాళ్లు కొందరు. ఎవరెవరో చూసుకుని పెట్టమంటాను. నీ కాగితంలో ఏడున్నర శాతం ఉంది, 85 ఉంది, మనుషులు లేరు.

తమ్ముడు: నీ దాంట్లో మనుషులున్నారు, నేను లేను. ఇరవై ఏడేళ్లు షిఫ్టుల్లో, రసాయనాల వాసనలో పనిచేసి దాచుకున్నది. వడ్డీ పిల్లల చదువులకి పోయింది, పెళ్లిళ్లకి పోయింది. ఇప్పుడు కూడా వడ్డీ తిని అసలు వాళ్లకి వదిలెయ్యమంటే, నా వంతు ఎప్పుడొస్తుంది? అసలు పిల్లలకే అన్నది మన ఇళ్లలో ఎవరూ పైకి అనరు, అందరూ అలాగే అనుకుంటారు. నాన్న అలాగే బతికాడు. చిరిగిన లుంగీతో పోయాడు, బీరువాలో డిపాజిట్ రసీదులు దొరికాయి.

అప్ప: ఆ రసీదులతోనే అమ్మ పదకొండేళ్లు ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతికింది.

తమ్ముడు: ఆ లుంగీ కూడా నిజమే కదప్పా.

అప్ప: నిజమే. కాదనలేదు. నాన్న అంత బిగపట్టి ఉండాల్సింది కాదని నేనూ అనుకుంటాను. ఇంటి కప్పు వేయించు. కాశీ వెళ్లండి, నేనూ వస్తాను. మోకాళ్లు ఇప్పుడే చూపించుకో. వాటికి ఒక ఐదు లక్షలు పక్కన పెట్టి, అయిపోయాక మళ్లీ అసలు జోలికి రానని మాటియ్యి.

తమ్ముడు: మాటివ్వలేను. 65కి మళ్లీ కూర్చుని లెక్క చూస్తానని మాటిస్తాను.

అప్ప: మరదలు కూడా ఉండాలి ఆ లెక్కలో.

తమ్ముడు: ఉంటుంది.

అప్ప: 65 దాకా ఎందుకు, రేపే చెప్పు. ఆవిడకి ఏది భయమో ఇద్దరమూ అడగలేదు ఇప్పటిదాకా. ఇక బేగి తేల్చాల్సింది ఒకటుంది. గ్రాట్యుటీ పడి నెల దాటింది. ఆ ఐదు లక్షలకి ఇంక రెండు నెలల గడువు కూడా లేదు. పీఎఫ్ నంబర్లు కలిసేదాకా పీఎఫ్ జోలికి వెళ్లకు, కానీ ఇది ఆగదు. సోమవారం శ్రీకాకుళం హెడ్ పోస్టాఫీసుకి వెళ్దాం. ఇద్దరి పేర్లా జాయింటుగా తెరువు.

తమ్ముడు: ఐదూ ఒక్క ఖాతాలోనా?

అప్ప: రెండింటిలో. మూడు ఒకటి, రెండు ఒకటి.

తమ్ముడు: అంటే ఒకటి మధ్యలో మూసుకోవచ్చని ఒప్పుకున్నట్టేగా?

అప్ప: ఒప్పుకోలేదు. నువ్వు మూసిననాడు రెండోది నిలవాలని.